లాగొద్దు మామా... నెట్టు!

‘‘మామా, కారు సౌండ్ చేస్తోంది కానీ కదలట్లేదు.’’

మా అక్క కొడుకు రిమోట్ కారు తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. మూడో తరగతి. అప్పటికే అపార్ట్‌మెంట్‌లో పిల్లలందరికీ ‘మా మామ ఇంజినీరు, చిటికెలో బాగుచేస్తాడు’ అని చెప్పొచ్చాడట. నేను చదివింది మెకానికల్, చేసేది సాఫ్ట్‌వేర్ అనే తేడా వాడికేం తెలుసు!

విప్పి చూశా. మోటార్ భేషుగ్గా తిరుగుతోంది. దాని షాఫ్ట్ చివరన ఉండే బుల్లి ఇత్తడి గేరు పళ్లే అరిగిపోయాయి. దాన్నే పినియన్ అంటారు. మా వాడు కారుని పక్కనే కడుతున్న బిల్డింగ్ దగ్గర ఇసుకలో తోలాడు. ఆ ఇసుక రేణువులు ఎదురుగా ఉన్న ప్లాస్టిక్ గేరులో గుచ్చుకుని, ఇత్తడిని ఆకురాయిలా అరగదీశాయి. పాత పినియన్ పీకి కొత్తది పెడితే సరి. పది నిమిషాల పని అనుకున్నా. నాలుగు రోజులు పట్టింది. మధ్యలో ఒక మోటార్ బలైంది.

మొదటి మోటార్ ఎలా పోయిందంటే...

ముందు కటింగ్ ప్లేయర్‌తో పట్టుకుని లాగా. కదల్లేదు. ‘కొబ్బరినూనె వెయ్యరా’ అంది అమ్మ. అదీ వేశా. నూనె గేరు సందులోకి వెళ్లలేదు కానీ మోటార్ లోపలికి మాత్రం దిగింది. ఇక స్క్రూడ్రైవర్ తీసి గేరు కింద దూర్చి ఒకవైపు నుంచి ఎత్తా. గేరు వెంట్రుకవాసి కదిలింది. ఆ సంతోషంలో ఇంకాస్త బలంగా ఎత్తా. ‘టక్’మంది. షాఫ్ట్ వంగిపోయింది. కరెంటిస్తే మోటార్ జ్వరమొచ్చినట్టు వణుకుతోంది.

మా వాడు ఏడవలేదు. కారు తీసుకెళ్లి చెప్పుల స్టాండ్ కింద పెట్టేశాడు. ఏడ్చినా బాగుండేది.

మర్నాడు కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లా. అదే 130 సైజు మోటార్, పది పళ్ల పినియన్ కొన్నా. ఇంటికొచ్చి చూస్తే కొత్త మోటార్‌కి ఆల్రెడీ ఎనిమిది పళ్ల గేరు బిగించి ఉంది. కారులో రెండు గేర్ల మధ్య దూరం ఫిక్స్‌డ్. ఎనిమిది పళ్లది చిన్నది కాబట్టి అవతలి గేరుకి సరిగ్గా అందదు. అంటే మళ్లీ పీకాల్సిందే!

వైండింగ్ షాపు పాఠం

ఈసారి స్క్రూడ్రైవర్ ముట్టుకోలేదు. మా వీధి చివర మోటార్ వైండింగ్ షాపుకి పట్టుకెళ్లా. అక్కడి పెద్దాయన నా మోటార్ చూసి నవ్వాడు. ‘‘నా దగ్గరున్న పుల్లర్‌కి ఇది దోమంత బాబూ’’ అంటూ, పక్కనున్న నీళ్ల మోటార్‌కి మూడు కాళ్ల పుల్లర్ తగిలించి బేరింగ్ తీసి చూపించాడు.

‘‘దీన్ని పుల్లర్ అంటారు గానీ, ఇది లాగదు. షాఫ్ట్‌ని నెడుతుంది. కాళ్లు బేరింగ్‌ని కదలకుండా పట్టుకుంటాయి, మధ్య బోల్టు షాఫ్ట్‌ని నెడుతుంది. మోటార్ మీద దెబ్బ పడదు.’’

నాకు చెంప మీద కొట్టినట్టైంది. బీటెక్‌లో ఇంటర్‌ఫియరెన్స్ ఫిట్ గురించి పేజీలకు పేజీలు రాశా. షాఫ్ట్ కంటే రంధ్రం కొన్ని మైక్రాన్లు చిన్నగా చేసి బలవంతంగా ఎక్కిస్తారు, ఆ ఒత్తిడికే గేరు జారకుండా ఉంటుంది. రాశాను, మార్కులొచ్చాయి, మర్చిపోయాను. నేను స్క్రూడ్రైవర్‌తో ఎత్తినప్పుడు ఆ బలమంతా మోటార్ బాడీ మీద, అదీ ఒక పక్కనే పడింది. 2 మిల్లీమీటర్ల షాఫ్ట్ వంగక ఏం చేస్తుంది?

మీకూ ఇదే పనొస్తే

మొదట ఒక ప్రశ్న వేసుకోండి: కాపాడాల్సింది మోటార్‌నా, గేరునా? మోటార్ కాలిపోయి గేరు బాగుంటే షాఫ్ట్ కోసేసినా నష్టం లేదు. గేరు పాడై మోటార్ బాగుంటే గేరునే జాగ్రత్తగా కోసేయొచ్చు. రెండూ కావాలంటేనే పుల్లర్.

రెండోది, గేరు పక్కన చిన్న స్క్రూ ఉందేమో చూడండి. 540 లాంటి పెద్ద మోటార్లలో చాలావాటికి గేరు ప్రెస్ చేయరు, అలెన్ కీతో తిప్పే బుల్లి స్క్రూతో బిగిస్తారు. అది విప్పకుండా ఎంత లాగినా దండగే.

స్క్రూ లేకపోతే చిన్న పినియన్ పుల్లర్ కొనండి. ఆన్‌లైన్‌లో కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. దాని పెదవులు గేరు వెనక పూర్తిగా దూరాలి. మధ్య పిన్ షాఫ్ట్ కంటే సన్నగా ఉండాలి, సరిగ్గా సెంటర్‌లో ఆనాలి. వంకరగా ఆనితే పిన్నో, షాఫ్టో వంగుతుంది. పావు తిప్పు, ఆగు, చూడు, మళ్లీ పావు తిప్పు.

అయినా రాకపోతే సోల్డరింగ్ ఐరన్ కొనని గేరుకి కొద్దిసేపు ఆనించండి. ఇత్తడి, ఉక్కు కంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది. 100 డిగ్రీలు వేడెక్కితే 2 మిల్లీమీటర్ల రంధ్రం దాదాపు 4 మైక్రాన్లు పెరుగుతుంది. మన వెంట్రుక మందంలో పదోవంతు కూడా కాదు, కానీ పట్టు సడలడానికి అదే సాయం. షాఫ్ట్ కూడా వేడెక్కేలోపు తిప్పేయాలి. ఎక్కువసేపు పెడితే మోటార్ లోపలి ప్లాస్టిక్ కరుగుతుంది. గేరు ప్లాస్టిక్‌దైతే ఐరన్ దగ్గరికే తీసుకెళ్లొద్దు.

కొత్త గేరు ఎక్కించేటప్పుడూ ఇదే సూత్రం. సుత్తితో కొడితే ఆ దెబ్బ వెనకున్న ప్లాస్టిక్ మూత మీద పడుతుంది. చాలా మోటార్లకి వెనక షాఫ్ట్ కొస కాస్త బయటికి కనిపిస్తుంది. ఆ కొసని దేనిమీదైనా గట్టిగా ఆనించి, బెంచ్ వైస్‌లో మెల్లగా నొక్కాలి.

నాలుగో రోజు

పుల్లర్ వచ్చింది. మా వాణ్ని పిలిచి ఎదురుగా కూర్చోబెట్టా. ‘‘మొన్న మోటార్ పోయింది నా వల్లేరా. తొందరపడ్డాను’’ అని చెప్పా. వాడు కాసేపు నా మొహం చూసి, ‘‘ఇప్పుడు నేను తిప్పనా?’’ అన్నాడు.

పుల్లర్ తగిలించి వాడి చేతికిచ్చా. పావు తిప్పు. పావు తిప్పు. మూడోసారి నాకే ఓపిక ఆగక గేరు పట్టుకోబోయా. ‘‘లాగొద్దు మామా, నెట్టాలన్నావుగా!’’ అని కసిరాడు. ఆ మరుసటి పావుకి చిన్నగా ‘టిక్’. గేరు జారి నేలమీద పడింది.

సాయంత్రం కింద కారు పరుగులు పెడుతోంది, ఈసారి సిమెంట్ రోడ్డు మీదే. ‘మీ మామ బాగుచేశాడా?’ అని ఎవడో అడగడం బాల్కనీలోకి వినిపించింది.

‘‘మామ పాడుచేశాడు. నేనే బాగుచేశా.’’

కాదనడానికి నా దగ్గర పాయింటేమీ లేదు!