కట్లపామా... కాదా?

నిజామాబాద్ జిల్లా మెండోర... శ్రీరాంసాగర్ ఒడ్డున పొలాల ఊరు. అక్కడి గట్ల మీద నల్లటి ఒంటికి తెల్లటి పట్టీలున్న పాము కనిపిస్తే కట్లపాము అనిపించడం సహజం. కానీ అచ్చం అలాగే ఉండే విషం లేని పామూ ఉంది. మరి పోల్చుకునేదెలా?

శాస్త్రవేత్తల దగ్గర ఓ పద్ధతుంది. ప్రతి ప్రశ్నకూ రెండే జవాబులు. ఒకటి ఎంచుకుంటే మరో ప్రశ్న... చివరికి పేరు దొరుకుతుంది. ఫ్రాన్స్‌కు చెందిన లామార్క్ 1778లోనే మొక్కలకు ఇలాంటి పట్టిక రాశాడు.

పట్టీలు మెడ దగ్గరే మొదలై తోకవైపు మసకబారుతున్నాయా? బహుశా విషం లేనిదే. తలకు కాస్త దూరంలో మొదలై, తోకదాకా స్పష్టంగా, జంటజంటలుగా ఉన్నాయా? బహుశా కట్లపామే. కానీ కట్లపాము పిల్లల్లో పట్టీలు మెడ దాకా ఉండొచ్చు, ముదురు వాటిలో మాసిపోవచ్చు. అందుకే ఆఖరి ప్రశ్న: వెన్ను మధ్య పొలుసుల వరస మిగతావాటికన్నా పెద్దదిగా, ఆరు పలకలుగా ఉందా? ఉంటే కట్లపామే.

అయితే అంత దగ్గరగా చూడటం నిపుణుల పని. మనం దూరంగా ఉండటమే మేలు. రాత్రి నిద్రలో కట్లపాము కాటేసినా నొప్పి పెద్దగా తెలియకపోవచ్చు. అనుమానం వస్తే పాము పేరు కోసం ఆగొద్దు, దాన్ని పట్టి తేవద్దు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి... నాలుగింటి విషానికీ ఆసుపత్రిలో ఇచ్చే విరుగుడు ఒక్కటే!