సూర్యుడు కాచిన నీరు

మే నెలలో ఒకనాటి మధ్యాహ్నము బాలుడొకడు ఆటనుండి వచ్చి, కాళ్లు కడుగుకొనుటకై చన్నీటి కుళాయి త్రిప్పెను. వెంటనే “అబ్బా!” యని వెనుకకు గంతువేసెను. మిద్దెపై నున్న తొట్టియు, గొట్టములును ఎండకు కాగి, చన్నీరే వేడినీరయ్యెను.

ఈ వేడిమిని మన పెద్దలు ఎరుగుదురు. ఇత్తడి గంగాళమును నీటితో నింపి పెరటి యెండలో నుంచినచో, సాయంకాలమునకు స్నానపు నీరు సిద్ధమగును. నేడు మిద్దెలపై కనబడు సోలార్ హీటరు ఆ గంగాళమునకు మనుమడు వంటిది. దాని నల్లని ఫలకము ఎండను గ్రహించి, తన గొట్టములలోని నీటిని వేడిచేయును. వేడినీరు తేలికయై పైనున్న తొట్టిని చేరును. తొట్టి యడుగునందలి చల్లని నీరు బరువై క్రిందికి దిగును. ఇట్లు పంపు లేకయే నీరు తిరుగుచుండును. తొట్టి చుట్టునున్న దళసరి పొర ఆ వేడిని మరునాటి యుదయము వరకు కాపాడును.

కట్టెలు అక్కరలేదు, విద్యుత్తును ఆదా యగును. అయినను సూర్యుడు మన యవసరము చూచి పనిచేయడు. చన్నీరు కోరు వేసవిలో నీటిని మిక్కిలి కాచును. వేడినీరు కోరు ముసురు దినములలో మబ్బుచాటున దాగును. హైదరాబాదు ఇంచుమించు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశముపై నున్నది. అచ్చట మే నెలలో మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి వచ్చును. డిసెంబరు చివర సుమారు 49 డిగ్రీల ఎత్తునకే వచ్చును. అందుచేతనే ఫలకమును దక్షిణమునకు వాల్చి, చలికాలపు ఎండకు అభిముఖముగా నిలుపుదురు.

మరియొక చిక్కు కలదు. ఉదయము కుళాయి త్రిప్పగనే వేడినీరు రాదు. రాత్రి గొట్టములలో నిలిచి చల్లబడిన నీరు ముందుగా వచ్చును. చాలమంది దానిని పారబోయుదురు. నీటికి కటకటపడు మన పట్టణములలో అది తగదు. ఆ నీటిని బకెట్టులో పట్టి, పిమ్మట వచ్చు వేడినీటిని దానిలో కలుపుకొనిన నీరు వృథా కాదు, ఒడలు కాలదు.

ఈ జాగ్రత్త చిన్నది కాదు. 60 డిగ్రీల వేడిగల నీరు కొద్ది సెకండ్లలోనే చర్మమును కాల్చగలదు. కావున పసిపిల్లలను వేడినీటి కుళాయివద్ద ఒంటరిగా విడువరాదు. వేసవిలో కలుపుటకు చల్లని నీరు కావలెనన్న, తెల్లవారుజాముననే పట్టి నీడలో నుంచుకొనవలెను.

సూర్యుడు వెల యడుగక వేడి నిచ్చును. ఆయన వేళ నెరిగి మెలగుట మన వంతు.