ఐరిస్ పువ్వుకు పేరెలా పెట్టాలి?



సంతలో ఎవరైనా 'కర్రావు' అన్నా, 'బొల్లావు' అన్నా ఆ ఆవు మన కళ్లముందు నిలుస్తుంది. కోళ్లు పెంచేవారికి కాకి, డేగ, నెమలి అన్న మాటలూ అంతే. ఐరిస్ పూలు పెంచేవారికీ ఇలాంటి మాటలున్నాయి.

తోటల్లో ఎక్కువగా పెంచే గడ్డపు ఐరిస్ చలి కోరే మొక్క. మన మైదానాల వేడికి సరిగా పూయదు. కాశ్మీరంలో సమాధుల మీద ఐరిస్ నాటే ఆచారం ఉంది. ఐరోపా, అమెరికా పెరళ్లలో వసంతంలో విరివిగా పూస్తుంది. అక్కడ స్థిరపడిన మన బంధువులకు ఇది పరిచయమే.

ఈ పువ్వుకు మూడు రేకులు పైకి నిలుస్తాయి, మూడు కిందికి వాలతాయి. వాలిన రేకు మీద గొంగళిపురుగులా నూగు ఉంటుంది. అదే గడ్డం.

ఆరు రేకులూ ఒకే రంగైతే 'సెల్ఫ్' అంటారు. పైవి ఒక రంగు, కిందివి మరో రంగు అయితే 'బైకలర్'. పైవి తెలుపు, కిందివి రంగు అయితే 'అమీనా'. 1936 నాటి అమెరికా రకం 'వాబాష్' ఇలాంటిదే. పైవి పసుపు, కిందివి గోధుమ ఎరుపు లేదా ఊదా అయితే 'వేరిగేటా'. పైవి లేత నీలం, కిందివి ముదురు నీలం లేదా ఊదా అయితే 'నెగ్లెక్టా'. లేతరంగు రేకు అంచున కుట్టుపని చేసినట్టు ముదురు చుక్కలు, గీతలుంటే 'ప్లికాటా'. 1844లో ఫ్రాన్సులో వెలువడిన 'మదాం షెరో' తెల్లని రేకులకు నీలి అంచున్న ప్లికాటా.

అయితే ఈ మాటలు పువ్వు తీరును చెబుతాయి గాని రకం పేరు చెప్పవు. నమోదైన రకాలు వేలకు వేలు. పైగా నేలనూ ఎండనూ బట్టి రంగు కొంత మారుతుంది. అందుకే మొక్క ఎత్తు కొలవండి. 70 సెంటీమీటర్లు మించితే పొడుగు రకాల్లో చేరుతుంది. గడ్డం రంగు, కింది రేకు మొదట ఈనెలు, ఆకు మొదట ఊదా ఛాయ, పూసిన వారం, కాడకు ఎన్ని మొగ్గలు - ఇవన్నీ రాసుకోండి. తర్వాత పాత కేటలాగులోని వర్ణనతో సరిచూడండి. ఒక్కటి పొసగకపోయినా ఆ పేరు తగిలించకండి. 'పేరు తెలియదు' అని రాసి, మొక్క ఎక్కడినుంచి, ఏ సంవత్సరం వచ్చిందో చేర్చండి.

ఇంత పట్టింపు ఎందుకంటారా? ఐరిస్ రకాన్ని దుంప విడదీసి నాటితేనే అదే రకం వస్తుంది. గింజ వేస్తే వేరే పువ్వు పూస్తుంది. ఇప్పటి 'మదాం షెరో' మొక్కలన్నీ ఆ తొలి మొక్క దుంపల సంతతే. తప్పు పేరుతో ఒక దుంప పది ఇళ్లకు చేరితే, అసలు రకం కనుమరుగైనా ఎవరికీ తెలియదు. పేరు లేని మొక్కకు పేరు ఎప్పుడైనా దొరకవచ్చు. తప్పు పేరున్న మొక్కకు అసలు పేరు ఎవరూ వెతకరు.