అనాథ గుర్రాల నుంచి అద్దె లాయానికి...

గల్ఫ్‌లో గుర్రాల లాయాల్లో చేసే మనవాళ్ళకు చెప్పక్కర్లేదు. గుర్రానికి శుక్రవారం సెలవు తెలియదు. జీతం లేటయినా దాణా వేళకు పడాల్సిందే! అమెరికాలో అనాథ గుర్రాలను చేరదీసిన కుటుంబాలను కుంగదీసిందీ ఈ ఖర్చే. 2007లో అక్కడ చివరి గుర్రాల కబేళాలు మూతపడ్డాయి. మరుసటి ఏడాది మాంద్యం ముదిరింది. మేపలేక వదిలేసేవాళ్ళు పెరిగారు. ఐదొందల కిలోల గుర్రానికి రోజుకు దాదాపు 10 కిలోల మేత కావాలి. ఆరేడు వారాలకోసారి గిట్టలు చెక్కించాలి. అదీ పాతికేళ్ళ పాటు! విరాళాలేమో నెలనెలా రావాయె.

అందుకే కొందరు ఇతరుల గుర్రాలను నెల అద్దెకు ఉంచుకోవడం మొదలెట్టారు. మన హాస్టల్ లాంటిదన్నమాట. బోర్డింగ్ అంటారు. పనివాళ్ళను పెట్టుకుంటే మిగిలేది తక్కువ. కాబట్టి భార్య దాణా పెడుతుంది, భర్త లద్దె ఎత్తుతాడు, పిల్లలు నీళ్ళు నింపుతారు. చిన్న గీత పడినా గుర్రం యజమాని ఫోన్ చేసి నిలదీస్తాడు. అనాథ గుర్రమైతే అడిగేవాళ్ళు లేరు కదా!

అప్పట్లో చేరదీసిన ముసలి గుర్రాలు ఓ పక్కన ఉంటాయి. వాటి మేత ఈ అద్దెలోంచే. ఎటొచ్చీ, ఎముకలు తేలిన గుర్రాన్ని ఎవరో గేటు దాకా తెచ్చినప్పుడే చిక్కు. లోపల గది ఖాళీగానే ఉంటుంది. అయినా "చోటు లేదండీ" అనాలి.