అనంతగిరి యడవులు – మన కర్తవ్యము

వికారాబాదు చెంతనున్న అనంతగిరి కొండలు మిక్కిలి యెత్తైనవి కావు. అయినను రెండు దిక్కులకు నీరు పంచు భాగ్యము వానిది. మూసీ తూర్పునకు పారి, 1908 వరదల యనంతరము తలపెట్టబడి 1920లో పూర్తియైన ఉస్మాన్‌సాగరును నింపును. కాగ్నా పడమటికి తాండూరు మీదుగా సాగి భీమానదిలో కలియును. ఈ రెండేరులకును ప్రాణాధారము కొండమీది యడవియే. రాలిన యాకుల పొరపై పడిన వాన వేళ్లవెంట మెల్లగా నేలలోనికి దిగును. బోడికొండపై పడిన వాన మట్టిని కొట్టుకొనిపోయి చెరువులను పూడ్చును.

అడవి పోయినచోట మొక్కలు నాటిన చాలునని కొందరందురు. 2015లో ఆరంభమైన హరితహారము మొక్కలు నాటు నలవాటును పల్లెపల్లెకు తెచ్చెను, అది మెచ్చదగినదే. కాని నీలగిరి తోపు అడవి కాదు. నల్లమద్ది, తునికి, ఇప్ప, మోదుగ, వెదురు కలసి పెరుగగా, వాని నీడను పొదయు గడ్డియు, వాని నాశ్రయించి పక్షియు మృగమును బ్రదుకునదియే అడవి.

ఈ భేదమును ఆఫ్రికాయందలి కెన్యా కష్టపడి తెలిసికొన్నది. అచ్చట వలసప్రభుత్వము స్వదేశవృక్షములను నరికించి, కలపవ్యాపారమునకై విదేశజాతుల తోటలు వేయించెను. కొండలు నీటిని నిలుపు శక్తిని కోల్పోయెను. 1977లో గ్రామస్త్రీలచే చెట్లు నాటించు నుద్యమమును ప్రారంభించిన వంగారి మాతాయి, నైరోబీలోని కరూరా యడవి కట్టడముల పాలుగాకుండ 1999లో దెబ్బలు తినియు పోరాడెను. ఆమెకు 2004లో నోబెల్ శాంతి బహుమానము లభించెను. నాటుటతోపాటు ఉన్నదానిని కాపాడుటయు వ్రతమేయని ఆమె చరిత్ర చాటుచున్నది.

మన పూడూరు మండలమందలి దామగుండము అడవిలో 1,174 హెక్టార్లు 2024 జనవరిలో నౌకాదళమున కప్పగింపబడెను. జలాంతర్గాములకు వార్తలంపు రేడియో కేంద్రమునకు ఆ యేటనే అక్టోబరు 15న శంకుస్థాపన జరిగెను. దేశరక్షణ మాకును ప్రియమే. కాని దూరదేశమున నాటిన మొక్కలు మూసీకి నీరీయజాలవు. కావున అనివార్యమైనచోట తప్ప గొడ్డలి పడరాదు. బదులు నాటునవి ఈ కొండలయందే, స్వదేశజాతులే కావలెను.

ప్రజలకును బాధ్యత కలదు. తునికి, మోదుగ వేరు బ్రదికియున్నంతవరకు తామే చిగిర్చును; కొన్నియేండ్లు నిప్పును, పశువులను దూరముంచిన చాలు. కొండయంచు భూస్వాములు తమ గట్లపై దేశవాళి చెట్లను నిలుపుదురుగాక. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు దొరకెను. ఆ పేరును నిలుపునది మట్టియు వానయునే. అనంతగిరికి వనభోజనములకై వచ్చు నగరవాసులు ఆ నీటి ఋణమును తలంతురుగాక. నదికి హారతులిచ్చి, దాని పుట్టినింటిని పాడుచేయుట భక్తి యనిపించుకొనదు.