నాలుగు రంగుల పొందిక

వనపర్తికి చేరువనున్న గోపాల్‌పేట ఒకప్పుడు నిజాము ఏలుబడిలో ఒక సంస్థానమునకు ముఖ్యస్థానము. ఇప్పుడు మండల కేంద్రము. పట్టాదారు పాసుపుస్తకము మొదలుకొని కుల ధ్రువీకరణ పత్రము వరకు ప్రతిదానికిని నకలు జతపఱుపవలసిన ఈ దినములలో, ఇట్టి ఊళ్లకు జిరాక్స్ దుకాణము లేనిదే పూట గడవదు. కొంతకాలము క్రిందట ఒక వేసవి మధ్యాహ్నమున, అక్కడి దుకాణమొకదానిలో నేను, ఎఱ్ఱని గీతలతో పొలము హద్దులు గుర్తించిన పటమునకు రంగుల నకలు తీయింపగా, వెలువడిన కాగితముపై ప్రతి యెఱ్ఱగీతయు రెండుగా చీలి, ఒకవైపు గులాబి, రెండవవైపు పసుపు కానవచ్చెను. సర్వే నంబర్ల నల్లని యంకెలు మాత్రము చెక్కు చెదరలేదు. దుకాణదారుని ముఖము వెలవెలబోయెను. యంత్రములో రంగులను కాగితమునకు చేర్చు బెల్టు పోయినదని ఆతని భయము. క్రొత్త బెల్టన్నచో పలుదినముల సంపాదన.

ఈ జిరాక్స్ యంత్రమునకు మూలపురుషుడు చెస్టర్ కార్ల్‌సన్ అను అమెరికా దేశీయుడు. పేటెంటు పత్రముల నకళ్లకై పడు ప్రయాసను నిత్యము చూచిన ఆ మనుష్యుడు, 1938 అక్టోబరు 22వ తేదీన, న్యూయార్కు నగరమందలి ఆస్టోరియాలో, ఒట్టో కోర్నై అను సహాయకునితో కలసి, గంధకము పూసిన జింకు పలకను చేతిరుమాలుతో రుద్ది విద్యుదావేశము కల్పించి, తేదీయు స్థలము పేరును సిరాతో వ్రాసిన గాజుపలకను దానిపైనుంచి వెలుతురు పడనిచ్చి, పిమ్మట లైకోపోడియము అను మొక్కపొడి చల్లి మెల్లగా ఊదగా, వెలుగు సోకని అక్షరములు మాత్రమే పొడిని పట్టి నిలుపుకొనెను. మైనపు కాగితము నొత్తగా అవి దానిపైకి దిగెను. వెలుగు తగిలినచోట ఆవేశము జారిపోవును, తగులనిచోట నిలుచును. నేటి యంత్రములన్నియు ఈ ఒక్క ధర్మము నాశ్రయించినవే. అయినను ఎన్నో సంస్థలు ఆతనిని రిక్తహస్తములతో పంపివేయగా, తుదకు హాలాయిడ్ కంపెనీ చేపట్టి, దాదాపు మూడువందల కిలోల బరువుగల 914 అను యంత్రమును విపణిలోనికి తెచ్చునప్పటికి 1959వ సంవత్సరము వచ్చెను.

నలుపొక్కటితో పని జరిగినంతకాలము పొందిక యను ప్రశ్నయే లేదు. రంగులు వచ్చినపుడు చిక్కు వచ్చినది. పెడన కలంకారీ అద్దకమును దగ్గఱనుండి చూచినవారికి ఇది తెలిసిన చిక్కే: అచ్చట రంగునకొక కొయ్య అచ్చు, మొదటి అచ్చు గీచిన రేఖలోపల రెండవ అచ్చు వెంట్రుకవాసి తప్పినను పూవు రేకు దాటి రంగు వెలికి వచ్చును. అద్దకపు పనివాడు తన కంటితోను మణికట్టుతోను సాధించు ఆ పొందికను, జిరాక్స్ యంత్రము నాలుగు డ్రమ్ములతోను ఒక బెల్టుతోను సాధింపవలెను. లేసరు వెలుగు చిత్రమును వ్రాయు నీలి, గులాబి, పసుపు, నలుపు రంగుల డ్రమ్ములు వరుసగా నిలిచియుండగా, వానిక్రింద కాగితమంత పలుచని నల్లని బెల్టు పరుగిడుచు, ఒక్కొక్కదాని యొద్ద ఒక్కొక్క రంగు పొడిని స్వీకరించి, నాలుగును కూడిన చిత్రమును తుదకు కాగితమున కప్పగించును. అంగుళమునకు 600 చుక్కలు వేయు యంత్రమున ఒక చుక్క స్థలము మిల్లీమీటరులో 0.042 వంతు మాత్రమే. రెండు మూడు చుక్కల దూరము తప్పినచో కన్ను పసికట్టును. ఎఱుపు గులాబి పసుపుల కలయిక గనుకనే నా పటములోని హద్దు చీలినది. అంకెలు ఒక్క నలుపుతో అచ్చైనవి గనుక వానికి చీలుటకు రెండవ రంగే లేదు.

సాయంకాలము వనపర్తినుండి మెకానిక్ వచ్చెను. పాతికేండ్ల కుఱ్ఱవాడు. యంత్రము మూత తెఱువక మున్నే, ఆ పాడైన కాగితమును కిటికీ వెలుతురున పట్టి, భూతద్దముతో నాలుగు మూలలును పరీక్షించి, స్కేలుతో కొలిచెను. ఆ ఓపిక నన్ను ముగ్ధుని చేసినది. వాని లెక్క ఇట్టిది: రంగు కాగితమంతటను ఒకే కొలతతో జరిగినచో అది కాలము తప్పిన దోషము, బెల్టు దోషము కాదు. ఎడమనుండి కుడికి పోనుపోను జరుగుడు పెరిగినచో లేసరు వ్రాత వంకరపోయినదో, వెడల్పు మారినదో అని చూడవలెను. ఒకచోట పొంది, ఒకచోట చెదరి, మరల పొందుచు అలవలె సాగినచో, ఆ అల పొడవు కొలువవలెను. 94 మిల్లీమీటర్లు వచ్చినచో 30 మిల్లీమీటర్ల అడ్డుకొలతగల రోలరును అనుమానింపవలెను, ఏలయన దాని చుట్టుకొలత అంతే. పై మూడింటిలో దేనికిని లొంగక, కాపీకాపీకి తీరు మారుచున్నచో, అప్పుడు గదా బెల్టు జాఱుచున్నదో, అంచు చిరిగినదో చూచుట!

నా కాగితమున జరుగుడు అంతటను ఒకే కొలతగా తేలగా, "బెల్టు పోలేదన్నా, సెన్సర్ కండ్లు మూసుకున్నయి" అనెను.

"అయితే పైసలు మిగిలినట్టేనా తమ్మీ?"

"మిగిలినట్టే."

యంత్రము వేడెక్కినకొలది లోపలి భాగములు వ్యాకోచించి రంగులు తావు తప్పును గనుక, అది అప్పుడప్పుడు బెల్టు ఇరుప్రక్కలను నాలుగు రంగుల చిన్న గీతలు తానే వేసికొని, సెన్సర్లతో చదివి, లేసరు వ్రాయు సమయమును సవరించుకొనును. గీతలను చదువవలసిన ఆ చిన్ని గాజుకన్నులపై టోనరు ధూళి పొరవలె పేరుకొనియుండెను. బెల్టును తుడుచు బ్లేడు అరిగి, మిగిలిన పొడిని పూర్తిగా గీకలేకపోవుటయే దానికి మూలము. ఆ కుఱ్ఱవాడు బెల్టు ముఖమునకు వ్రేలు తగులనీయక అంచులు పట్టి వెలికితీసి, డ్రమ్ములపై వెలుతురు పడకుండ నల్లగుడ్డ కప్పి, పొడి మెత్తనిగుడ్డతో సెన్సర్లు తుడిచి, బ్లేడు మార్చి, రంగుల సవరణ నడిపించెను. మరుసటి నకలులో హద్దుగీత మరల ఒక్కటై, ఎఱ్ఱగా నిలిచినది.

ఇట్టి దుకాణములు నడుపు సోదరులకు నా మనవి ఒక్కటే: రంగు చెదరిన మొదటి కాగితమును నలిపి పారవేయకుడు, బెల్టు ధర విచారింపకుడు, ముందు ఆ కాగితమును స్కేలుతో సహా మెకానిక్ చేతికిండు.