పెళ్ళి ఖర్చు: అప్పు ఎక్కడ పుడుతోంది?

మాఘమాసం దగ్గరపడుతోందంటే మా వాడల్లో సంబంధాల మాటలతో పాటు ఉపన్యాసాలు కూడా మొదలవుతాయి. "కూలివాళ్ళకి ఇంత ఆర్భాటం దేనికి? దుప్పటి ఉన్నంతవరకే కాళ్ళు చాపుకోవాలి గదా" అంటారు. ఇలా అనేవాళ్ళలో భూములున్న రైతులున్నారు, ఉద్యోగస్తులున్నారు, అప్పుడప్పుడూ మన సంఘం వాళ్ళూ ఉన్నారు. ఆర్భాటం లేదని మేమనం. ఊళ్ళో ఒకడు డీజే పెట్టిస్తే రెండోవాడు పెట్టించకుండా ఉండలేకపోతున్నాడు. కాని కూలి కుటుంబాన్ని ముంచుతున్నది నిజంగా ఈ ఆర్భాటమేనా? ఇది ఉపన్యాసంతో తేలేది కాదు, లెక్క చూడాలి.

డెల్టాలో ఒక వ్యవసాయ కూలి కుటుంబం 2024 మాఘంలో పెద్దమ్మాయి పెళ్ళి చేసింది. ఆ ఇంటి ఇల్లాలు సంఘం సమావేశానికి తెచ్చిన నోటు పుస్తకంలోంచి ఈ అంకెలు తీసుకున్నాం. నగదు కట్నం 2 లక్షలు. ఆడపడుచు లాంఛనాలు 20 వేలు. రెండు కాసుల బంగారం, తరుగూ మజూరీ కలిపి 1,08,000. మంచం, బీరువా, ఫ్రిజ్జు వగైరా సామాను 60 వేలు. 650 మందికి భోజనాలు, విస్తరి ఒక్కింటికి 220 రూపాయల చొప్పున 1,43,000. పందిరి, స్టేజి, లైట్లు 45 వేలు. బట్టలు 50 వేలు. ఫొటోలు, వీడియో 35 వేలు. మేళం, డీజే 25 వేలు. మొత్తం 6,86,000 రూపాయలు.

ఇందులో ఏళ్ళ తరబడి కట్టుకున్న చీటీల డబ్బు లక్షా యాభై వేలు. డ్వాక్రా గ్రూపులో తీసుకున్నది లక్ష. చదివింపులు 1,12,000 వచ్చాయి. తక్కిన 3,24,000 ఊళ్ళో ఒక ఆసామి దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చారు. అంటే నెలకు 6,480, ఏడాదికి 77,760. మొగుడికి రోజు కూలి 600, పెళ్ళానికి 350. ఇద్దరికీ ఏడాదిలో 150 రోజులు పని దొరికితే (వరికోత యంత్రాలు దిగాక అన్ని రోజులు దొరకడమే గగనం) వచ్చేది 1,42,500. వడ్డీ పోగా చేతిలో మిగిలేది 64,740. గ్రూపు కిస్తీ, తిండి, మందులు, చిన్నపిల్ల చదువు అన్నీ అందులోంచే. అసలు ఒక్క రూపాయి తగ్గదు.

ఇప్పుడు ఆ పుస్తకాన్ని మళ్ళీ చూడండి. డీజే, ఫొటోలు రెండూ తీసేసినా తగ్గేది 60 వేలు. అదే నగదు కట్నం, ఆడపడుచు లాంఛనాలు, సామాను తీసేస్తే 2,80,000 తగ్గుతుంది. బంగారం పిల్ల ఒంటిమీదిదేనని వదిలేసినా సరే, అప్పు 44 వేలకు దిగిపోతుంది. వాళ్ళు దాన్ని ఒక కోతల కాలంలో తీర్చుకోగలరు. మరి ఉపన్యాసాలన్నీ డీజే మీదే ఎందుకు నడుస్తాయి? కట్నం సంగతి ఎత్తితే చెప్పేవాడి ఇంటి లెక్క కూడా బయటికొస్తుంది కాబట్టి.

కట్నం తీసుకున్నవాళ్ళు బాగుపడ్డారా అంటే అదీ లేదు. ఈ పెళ్ళికొడుకు తలిదండ్రులూ కూలి చేసేవాళ్ళే. వచ్చిన రెండు లక్షలూ అంతకు ముందు తమ కూతురి పెళ్ళికి చేసిన అప్పుకు జమ కట్టారు. ఇలా ఒక కూలి ఇంట్లోంచి ఇంకో కూలి ఇంట్లోకి, అక్కణ్ణుంచి ఆసామి పెట్టెలోకి డబ్బు పోతోంది. తాతల కాలంలో మన కష్టజీవుల కులాల్లో చాలావాటిలో పిల్లవాడి తరఫువాళ్ళే ఓలి ఇచ్చుకునేవాళ్ళు. ఆడమనిషి నాటు వేస్తుంది, కలుపు తీస్తుంది, కూలి తెస్తుంది. ఆ చేతులు మరో ఇంటికి పోతున్నాయని ఆనాడు లెక్క. నేటికీ ఆమె నాట్లు వేస్తూనే ఉంది. లెక్క మాత్రం భూములున్న ఇళ్ళను చూసి తిరగబడింది.

అప్పిచ్చిన ఆసామి వడ్డీతో ఊరుకోడు. నాట్లప్పుడు పక్కూళ్ళో యాభై రూపాయలు ఎక్కువిస్తున్నా ఆ దంపతులు ముందు ఆయన చేలోనే దిగాలి. కూలి రేటు పెంచమని వాడంతా కూర్చుంటే ఈ ఇద్దరూ నోరు మెదపలేరు. మేం చూసిన చాలా కూలి పోరాటాల్లో వెనకాడిన ఇల్లు పెళ్ళి అప్పున్న ఇల్లే. ఒకనాడు పాలేరుతనం ఈ దారినే వచ్చేది. 1976 వెట్టిచాకిరీ రద్దు చట్టం అలాంటి బాకీలు చెల్లవంది. పాలమూరు వైపు పెళ్ళి కోసం గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని ఊరొదిలి పోయినవాళ్ళూ ఉన్నారు. బయానా పుచ్చుకున్నవాడికి ఎన్నాళ్ళు పని, ఏ రేటు అన్నది అడిగే నోరుండదు.

చట్టం లేక కాదు. వరకట్న నిషేధ చట్టం 1961 నాటిది. ఇచ్చినా పుచ్చుకున్నా అయిదేళ్ళకు తక్కువ కాకుండా జైలు అంటుంది. పెళ్ళిలో ఇచ్చిన కానుకలకు జాబితా రాసి ఇరువైపులా సంతకాలు చేయాలని 1985లో నిబంధనలొచ్చాయి. కట్నమంటూ ఏది ఇచ్చినా అది మూడు నెలల్లోగా పిల్లకు చెందాలని కూడా చట్టంలో ఉంది. సంబంధం కుదిరే రోజున పోలీసు స్టేషనుకు పొమ్మని ఏ తండ్రికీ మేం చెప్పం, చెప్పినా పోడు. కాని జాబితా రాయించడానికి స్టేషను అక్కర్లేదు. పెద్దమనుషుల మధ్యే, తాంబూలాలు పుచ్చుకునే ముందే రాయించవచ్చు. కాగితం, కలం కనబడగానే అడిగేవాళ్ళ నోరు కొంత తగ్గడం మేం కళ్ళారా చూశాం.

భోజనాల సంగతిలో మాత్రం మేం ఉపన్యాసకులతో ఏకీభవించం. 650 మందిని పిలవడం దుబారా అంటారు. వచ్చినవాళ్ళు ఒట్టి చేతులతో రాలేదు. చదివింపులు రాసే బల్ల దగ్గర యాభై, వంద, అయిదొందలు రాయించి పోయారు. ఆ పుస్తకం మన పేదల బ్యాంకు. వడ్డీ లేదు, గడువు లేదు, తాకట్టు లేదు. వాళ్ళింట్లో పెళ్ళయినప్పుడు మనం తిరిగి చదివించాలి, అంతే. అందుకే ఆ పుస్తకాన్ని పెళ్ళయిన మర్నాడే అటక మీద పడేయకూడదు. ఎవరిది ఎంత, ఏ ఊరు, రాబోయే ఏళ్ళలో ఎవరింట పెళ్ళి ఉంది అన్నది చూసి పెట్టుకోవాలి. తిరిగి పెట్టే బాకీ కూడా పెళ్ళి ఖర్చేనని చాలామంది మరిచిపోతారు.

తగ్గించుకోగల చోటు విస్తరి రేటు. కేటరింగు మనిషికి ఒప్పజెప్పకుండా బియ్యం, పప్పు, కూరగాయలు మనమే కొనుక్కుని, ఊరి వంటమేస్త్రీకి కూలి ఇచ్చి, వడ్డనకు వాడలోని పిల్లలు నిలబడితే బాగా కలిసొస్తుంది. కూరలు తరగడానికి ముందురోజు రాత్రి ఆడవాళ్ళంతా కూర్చోవడం మనకు కొత్తేమీ కాదు. అందరికీ పని ఒత్తిడిగా ఉండే నాట్ల రోజుల్లో పెట్టుకోకుండా, కోతలయ్యాక ముహూర్తం పెట్టుకోవాలి. కాకపోతే అందరూ కోరే ముహూర్తానికి పందిరివాడూ మేళంవాడూ రేటు పెంచుతారు. ఆ ముందో వెనకో రోజు దొరుకుతుందేమో పంతులుగారినే అడగాలి, ఆయన దగ్గర ఒక్క ముహూర్తమే ఉండదు.

బంగారం సంగతి ఒక్క మాట. 2025 ఏప్రిల్ లో పది గ్రాముల మేలిమి లక్ష దాటింది. ఇలాంటప్పుడు తరుగు పేరుతో పోయేదే వేలల్లో ఉంటుంది. కాబట్టి తరుగు శాతం ఎంతో ముందే అడగాలి. నగ మీద హాల్ మార్కు ముద్ర, ఆరక్షరాల అంకెల గుర్తు ఉందో లేదో చూడాలి, బిల్లు పుచ్చుకోవాలి. రేపు తాకట్టు పెట్టాల్సి వచ్చినా అదే అక్కరకొస్తుంది. తెలంగాణలో 2014లో మొదలైన కల్యాణలక్ష్మి కింద లక్షా నూట పదహార్లు ఇస్తారు. అయితే ఆ డబ్బు చాలామందికి పెళ్ళయిన నెలలకు గాని చేతికి రాదు. దాన్ని చూపించి ముందే అప్పు తెస్తే వచ్చిన సాయం వడ్డీకే పోతుంది.

దండలు మార్చుకుని పెళ్ళి చేసుకుంటామనే కుర్రవాళ్ళు మా దగ్గరకు వస్తుంటారు. సంతోషమే. కాని తమిళనాడులో 1967లో అలాంటి పెళ్ళిళ్ళు చెల్లేలా చట్టాన్ని సవరించారు, మన దగ్గర అలాంటి సవరణ లేదు. రేపు పేచీ వస్తే నష్టపోయేది పిల్లే. అందుచేత 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద చేసుకోవడం మేలు. పిల్లకు 18, పిల్లవాడికి 21 నిండాలి. ఇద్దరిలో ఒకరైనా కనీసం 30 రోజులుగా ఉంటున్న జిల్లాలో నోటీసు ఇవ్వాలి. నోటీసు వేలాడదీసిన 30 రోజులు గడిచాక ముగ్గురు సాక్షుల ముందు సంతకాలు చేయాలి. మాఘంలో చేసుకోదలిచినవాళ్ళు కోతలు సాగుతుండగానే ఒక పూట కూలి మానుకుని రిజిస్ట్రారు ఆఫీసుకు పోయిరావాలి.